వరహాలమ్మ మాత్రకి నాలుగు నష్టాలు

కొత్తగరువులో తెలివైన ఇల్లు ఏదని ఎవరూ అడగరు. అడక్కపోయినా మరమరాల బట్టీ పోలినాయుడు చెప్పేస్తాడు, "మాదే" అని. తమ్ముడు చిన్నంనాయుడు "అవును" అంటాడు. తమ్ముడి పెళ్ళాం రవణమ్మ "అదేటి, అది కూడా అడగాలా?" అంటుంది. ఇక తల్లి నరసాయమ్మ దారినపోయేవాళ్ళని ఆపి మరీ చెబుతుంది. ఒకే ఇంట్లో అయిదుగురుంటే అయిదుగురికీ తెలివి ఉండడం ఎక్కడైనా చూశారా? ఆ అయిదో మనిషి పోలినాయుడి భార్య వరహాలమ్మ. ఈ కథ ఆవిడదే.

ఆ ఇంటికో కట్టుబాటు ఉంది. మామగారు పోతూ పోతూ, "కష్టమొచ్చినా సుఖమొచ్చినా సమంగా పంచుకోండర్రా" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ మామిడిపండు వస్తే అయిదు ముక్కలు, జ్వరం వస్తే అయిదు దుప్పట్లు. ఆమధ్య నరసాయమ్మకి ఎడమ కాలు బెణికితే మిగతా నలుగురూ నెల్లాళ్ళు ఎడమ కాలే కుంటుకుంటూ తిరిగారు. కట్టు కట్టే ఆచారి వచ్చి, బెణికింది ఎవరికో తేల్చుకోలేక అయిదుగురికీ కట్టి పోయాడు. ముసలమ్మ కాలు నయమైంది. "సూసారా, పంచుకుంటే ఎంత బేగి తగ్గిందో!" అని పోలినాయుడు ఊరంతా కుంటుకుంటూ చెప్పుకొచ్చాడు.

వరహాలమ్మకి యాభై రెండేళ్ళు. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర. ఎనిమిది నెలలుగా ఆవిడకో బాధ పట్టుకుంది. ఉన్నట్టుండి ఛాతీలో వేడి పుట్టి, మెడమీదుగా మొహానికి ఎక్కి, జాకెట్టు పిండుకునేంత చెమట పట్టేది. పగలు అయిదారుసార్లు, రాత్రి మూడుసార్లు. ఇక నిద్రెక్కడిది? ఆవిడకి నగ అక్కర్లేదు, పట్టుచీర అక్కర్లేదు. తల దిండుకి ఆనిస్తే కోడి కూసేదాకా మెలకువ రాకూడదు. అలాంటి రాత్రి ఒక్కటి చాలు. అదే ఆవిడ కోరిక.

ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా? వేడి బట్టీదే అనుకుని రెండు రోజులు బట్టీ ఆర్పేశారు. వేడి తగ్గలేదు. "బట్టీ ఆరినా వేడుందంటే, బట్టీలో వేడంతా ఈవిడలోకి పోయినట్టే" అన్నాడు పోలినాయుడు. ఇంకేముంది, ఇసుక మూకుడు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, గుప్పెడు బియ్యం పోసి, మరమరాలు పేల్తాయేమోనని నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఒక్క గింజ పేలలేదు.

"ఇది పనికొచ్చే వేడి కాదు. డాక్టరమ్మకి సూపించీయాల" అని తేల్చాడు చిన్నంనాయుడు.

టౌన్లో డాక్టరు కమలిని దగ్గరికి అయిదుగురూ వెళ్ళారు. ఆవిడ అన్నీ అడిగి, పరీక్షలన్నీ చేయించి, నెమ్మదిగా చెప్పింది. "చూడమ్మా, ఈ హార్మోను జెల్ రోజూ చేతికి రాసుకో, వేడి ఆవిర్లు తగ్గుతాయి. కానీ నీకు గర్భసంచి ఉంది. జెల్ ఒక్కటే వాడితే లోపలి పొర మందంగా పెరిగిపోతుంది, ముందు ముందు కేన్సరుకి దారి తీయొచ్చు. అందుకే రాత్రి పడుకునే ముందు ఈ ప్రొజెస్టిరోన్ మాత్ర వేసుకోవాలి. అది ఆ పొరకి కాపలా. నన్నడక్కుండా ఒక్క రోజు కూడా మానకు."

రవణమ్మ ముందుకి జరిగింది. "నాకు గర్భసంచి తీసీసారండి. నాకూ రాయండి మరి."

"నీకు ఆవిర్లే లేవు కదమ్మా. ఉన్నా, గర్భసంచి తీసేసినవాళ్ళకి మామూలుగా ఈ మాత్ర అవసరం ఉండదు."

"నాకూ నేదండి" అన్నాడు పోలినాయుడు, దిగులుగా. "పుట్టుకతోనే నేదు. ఎవరు తీసీసారో తెలీదు."

"నానైతే తియ్యలేదు" అంది నరసాయమ్మ, కొడుకు అనుమానిస్తాడేమోనని.

డాక్టరమ్మ గ్లాసెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. "ఈ మాత్రకి లాభాలతో పాటు నష్టాలూ ఉన్నాయి. కొందరికి మత్తుగా ఉంటుంది, కొందరికి తల తిరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, చిరాకు పుడుతుంది. అన్నీ అందరికీ రావు. జెల్‌తో కలిపి ఏళ్ళ తరబడి వాడితే రొమ్ము కేన్సరు ముప్పు కొంచెం పెరగొచ్చు. అందుకని ఏడాదికోసారి నేను పరీక్ష చేసి, ఇంకా వాడాలా వద్దా అని ఇద్దరం కూర్చుని చూసుకుందాం. మధ్యలో నెత్తురు కనబడితే మాత్రం వెంటనే వచ్చెయ్యి."

ఇంటికొచ్చి అరుగు మీద సభ పెట్టారు. పోలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "అన్నీ అందరికీ రావు, కొందరికి ఒకటి, కొందరికి ఒకటి అంది డాక్టరమ్మ. అంటే పంచుకోమనే కదా! లాభమంతా వరాలుకి వదిలీద్దాం. నష్టాలు నాలుగు, మనం నలుగురం. పెద్దోణ్ణి, మత్తు నాది."

"తల తిరగడం నాకియ్యండి, పెద్దముండని" అంది నరసాయమ్మ. పొట్ట ఉబ్బరం చిన్నంనాయుడు పుచ్చుకున్నాడు. చిరాకు రవణమ్మకి మిగిలింది. ఏడాదికోసారి చూసే ముప్పు ఎవరిదని కాసేపు తర్జనభర్జన పడి, "తను సూసుకుంటానన్నాది కదా, అది డాక్టరమ్మ వాటా" అని తేల్చారు.

వరహాలమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. తన ఒక్కదాని కోసం ఇల్లంతా నష్టపోవడానికి సిద్ధపడింది. ఇలాంటి ఇల్లు ఏ ఆడదానికి దొరుకుతుంది?

మర్నాడు పొద్దున్నే అందరూ ఎవరి నష్టంలో వాళ్ళు దిగిపోయారు. పోలినాయుడు బట్టీ పక్కనే గోనెపట్టా పరుచుకుని గుర్రు పెట్టాడు. నరసాయమ్మ గుంజ పట్టుకుని కుడివైపు మూడు చుట్లు, ఎడమవైపు మూడు చుట్లు తిరిగి, "వొచ్చీసింది, వొచ్చీసింది!" అని సంబరపడింది. చిన్నంనాయుడు నానిన శనగలు కుంచెడు తిని, మీద నాలుగు సోడాలు తాగి, పొట్ట మీద దరువేసి చప్పుడు చూసుకున్నాడు. మరమరాలకని ఎవరైనా వస్తే రవణమ్మ, "ఏం, మీ ఇంట కూడు నేదా?" అని కసిరింది. ఇంకేముంది, వచ్చినవాళ్ళు సంచులు దులుపుకుని పక్క ఊరు పోయారు.

మరి బట్టీ ఎవరు చూస్తారు? లాభంలో ఉన్న మనిషి వరహాలమ్మ ఒక్కతే. బియ్యం నానబెట్టింది ఆవిడే, ఇసుక కాచింది ఆవిడే, జల్లెడ పట్టింది ఆవిడే. అయినా గొణగలేదు. పాపం, వాళ్ళు నష్టాల్లో ఉన్నారు కదా!

జెల్ పని చేసింది. రెండు వారాలు తిరిగేసరికి ఆవిర్లు సగానికి సగం తగ్గాయి. కానీ ఓ చిక్కొచ్చింది. రాత్రి మాత్ర వేసుకున్న గంటకల్లా కళ్ళు బరువెక్కి, ఒళ్ళు మెత్తబడి, హాయిగా మత్తు కమ్ముకునేది. వరహాలమ్మ గతుక్కుమనేది. మత్తు పెనిమిటి వాటా. పరాయి వాటా ముట్టుకోకూడదు. అంతే, లేచి మొహాన నీళ్ళు కొట్టుకునేది, పచ్చిమిరపకాయ కొరికేది, మత్తు వదిలేదాకా పెరట్లో పచార్లు చేసేది. ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన నిద్ర గుమ్మం దాకా వస్తే, నీతిగల మనిషి కాబట్టి రోజూ తరిమేసేది.

పదిహేనో రోజున ఓపలేక సభలో చెప్పేసింది. "రాత్రి నాకు మత్తొత్తంది."

ముగ్గురూ పోలినాయుడి వైపు తిరిగారు.

"నువ్వు సరిగ్గా తొంగోడం నేదురా!" అంది నరసాయమ్మ. "నీకు మిగిలింది కోడలికి పోతంది."

"పద్నాలుగు గంటలు తొంగుంటున్నానే!" అని అతను లబలబలాడాడు.

"సాల్దు" అంది రవణమ్మ, చిరాకుగా. అది ఆవిడ వాటా కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ రోజు నుంచి పోలినాయుడు పద్దెనిమిది గంటలు పడుకున్నాడు. అన్నం కూడా పడుకునే తిన్నాడు. అయినా వరహాలమ్మకి మత్తు ఆగలేదు. పైగా మూడోవారం నరసాయమ్మ తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి ఇసుకగుట్టలో కూలబడింది. చిన్నంనాయుడి పొట్టకి పంచె అందడం మానేసింది. అందరూ అలిసిపోయారు.

"ఇయ్యాల ఆదివారం, మాత్రకి సెలవిచ్చీద్దాం" అన్నాడు పోలినాయుడు, పడుకునే. "ఒక్కరోజు నష్టాలు దించుకుంటాం."

వరహాలమ్మ ఒప్పుకోలేదు. "కాపలా అన్నాది కదండీ డాక్టరమ్మ! కాపలాకి సెలవిత్తే లోపల పొర పెరిగిపోదేటి?"

"కాపలాయే కదేటి, నాను కాత్తాను!" అని పోలినాయుడు కర్ర తెచ్చుకుని ఆవిడ మంచం పక్కన నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుర్రు పెట్టాడు. మూడువారాల అలవాటు మరి. వరహాలమ్మ ఆ కాపలావాణ్ణి ఎగాదిగా చూసింది. భయమేసింది. భయంలో తెలివి ఎవరికైనా కాస్త వస్తుంది. గబగబా మాత్ర వేసుకుని, మర్నాడు అందర్నీ ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ తలుపు తీసి చూస్తే ఒకడు బల్ల మీద నిద్రపోతున్నాడు, ఒకావిడ గిర్రున తిరుగుతోంది, ఇంకొకడు పొట్ట పట్టుకున్నాడు, వేరొకావిడ నర్సుతో తగువాడుతోంది. రోగి ఒక్కతే బుద్ధిగా కూర్చుంది. అంతా విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఒకరి మాత్ర నష్టం ఇంకొకరికి రాదయ్యా! అయినా వరహాలమ్మా, పగలు మత్తుగా ఉంటే అది నష్టం. రాత్రి పడుకునేముందు వస్తే అది లాభం. నీకు నిద్ర లేదనే కదా పడుకునే ముందు వేసుకోమన్నాను!"

వరహాలమ్మ మెల్లిగా మొగుడి వైపు తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళూ మీరు తొంగున్నది... నా లాభమా?"

పోలినాయుడు నిద్రలోంచి లేచి లబోదిబోమన్నాడు. "తెలీక తినీసేను వరాలూ! నష్టమనుకుని తినీసేను! కొంచెం బాగానే ఉందని అనుకున్నాను కానీ, నష్టం అలాగే ఉంటాది కామోసు అనుకున్నాను!" పెళ్ళాం నిద్రని తను మింగేశానన్న బాధతో నిజంగానే ఏడ్చాడు. "నానేటి సెయ్యాల, సెప్పండి డాక్టరమ్మా."

"ఏమీ చెయ్యకండి. మాత్ర ఆవిడ వేసుకుంటుంది, మత్తొస్తే ఆవిడే పడుకుంటుంది. ఆవిడ నిద్రపోయేటప్పుడు మీరు చప్పుడు చెయ్యకండి, ఇంకెవర్నీ చెయ్యనివ్వకండి. అంతే."

"అంతే కదా!" అని పోలినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి తొమ్మిదింటికి వరహాలమ్మ మాత్ర వేసుకుని, దిండుకి తల ఆనించింది. మత్తొచ్చింది. ఈసారి తరమలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ కనురెప్పలు వాటంతట అవే వాలాయి. ఆహా, ఎంత హాయి!

పోలినాయుడు తొంగిచూసి, మునివేళ్ళ మీద బయటికొచ్చాడు. ఇంట్లో చప్పుడు లేదు, బాగానే ఉంది. మరి ఊళ్ళోవాళ్ళకెలా తెలుస్తుంది? ఇంకేముంది, మరమరాల రేకుడబ్బా మెడకి తగిలించుకున్నాడు, రెండు కర్రలు తీసుకున్నాడు. ఢమఢమా వాయించుకుంటూ బయల్దేరాడు. వెనకాల తమ్ముడు, మరదలు, తల్లి.

"కొత్తగరువు ప్రజలారా! మా వరాలు తొంగుందహో! పాపం ఎనిమిది నెల్ల తరవాత తొంగుందహో! ఎవరూ సప్పుడు సెయ్యకండహో!"

నాలుగు వీధులూ తిరిగి, అయిదో వీధి తమదే కాబట్టి సొంత కిటికీ కింద ఇంకాస్త గట్టిగా వాయించాడు, న్యాయంగా ఉండాలని.

వరహాలమ్మకి మెలకువ వచ్చింది. చెవులు రిక్కించి మొత్తం విన్నది. విని, ఆవిడ గుండె నిండిపోయింది. పాపం వరాలు, ఇన్నాళ్ళకి పడుకుందా! మంచం కిర్రుమంటే దాని నిద్ర చెడిపోదూ! ఊపిరి బిగబట్టి, మంచం దిగి, గాజులు చప్పుడు కాకుండా కొంగులో చుట్టుకుంది. అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చి, తలుపు మెల్లిగా దగ్గరికేసింది.

అప్పుడే మెట్లెక్కుతున్న పోలినాయుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉష్! సప్పుడు సెయ్యకండి. లోపల తొంగుంది."

ఆయన బుద్ధిగా తలూపి డబ్బా కింద పెట్టాడు. తెల్లారేదాకా అయిదుగురూ అరుగు మీద వరసగా కూర్చుని, కిక్కురుమనకుండా, ఖాళీ మంచానికి కాపలా కాశారు.