గంగులు బాగుచేసిన వాగు

అనగనగా ఒక కొండ అడవి. అందులో గంగులు అనే అడవిదున్న మందకు పెద్ద. మంద పెరిగిందని వాగు ఒడ్డున తుంగ, పొదలు అన్నీ పీకించి, అక్కడ కొత్త కాలనీ వేయించాడు. కాలనీలో మేతకు లోటు లేదు. పేడకు అసలే లోటు లేదు.

వాన పడ్డప్పుడల్లా ఆ పేడంతా వాగులోకి జారేది. దాని సారం తిని నాచు తెగబలిసింది. దిగువ మడుగు పచ్చగా చిక్కబడింది. ఊపిరాడక చేపలు తేలిపోయాయి.

ఆ మడుగులో ఉండే నీటికుక్క చుక్కమ్మ రొప్పుతూ వచ్చింది.

"గంగులు మావా! మీవాళ్ల పేడ మా నోట్లోకొస్తోంది!"

"అయితే మమ్మల్ని పేడ వేయడం మానమంటావా?" గంగులు పకపకా నవ్వాడు.

"నిక్షేపంగా వేసుకో. వాగును మాత్రం మునుపటిలా చెయ్యి. ఒడ్డున తుంగ ఉంటే ఆ సారం అదే తాగేస్తుంది. నీళ్లు మెల్లగా పారితే మురికి అడుక్కి దిగుతుంది."

గంగులుకు ఒళ్లు వంగలేదు. నాలుగు పచ్చి కొమ్మలు విరిచి ఒడ్డున గుచ్చాడు. అడవినంతా పిలిచి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"నేను పెంచిన ఈ వనం..." అంటుండగానే ఒడ్డు విరిగింది. గంగులు నాచులో బోర్లా పడ్డాడు. కప్పలు పడీ పడీ నవ్వాయి.

ఆ సాయంత్రమే అతని దూడ మడుగు నీళ్లు తాగి కాళ్లు చాపేసింది.

"నాన్నా, కడుపు నొప్పి..."

గంగులు చుక్కమ్మ దగ్గరికి పరుగెత్తాడు. చుక్కమ్మ కొండ మీది ఊట చూపించింది. ఆ నీళ్లు తాగించగా తాగించగా దూడ తేరుకుంది.

"చుక్కమ్మా, ఏం చెయ్యాలో చెప్పమ్మా," అన్నాడు గంగులు తల దించుకుని.

చుక్కమ్మ చెప్పినట్టే కాలనీని వాగుకు దూరంగా జరిపించి, మందను ఒడ్డు తొక్కనివ్వలేదు. రాళ్లు దొర్లించి వాగును వంకరలు తిప్పాడు. బురదలో తుంగదుంపలు నాటించాడు.

"గడ్డి తినే జాతి గడ్డి నాటడమేంటి?" అని ముసలి దున్న సణిగాడు.

"నాటిందాని మీద మూతి పెట్టావో, కొమ్ములు విరిచేస్తా!"

రెండు వానాకాలాలు గడిచాయి. తుంగ దట్టమైంది. నీళ్లు తేటపడ్డాయి. చేపలు తిరిగొచ్చాయి. చుక్కమ్మ ఒకదాన్ని పట్టి కరకరా నమిలింది.

"ఓసి నీ! నేనింత చాకిరీ చేసింది నువ్వు వాటిని మింగడానికా?"

"మరేం తినమంటావు మావా, నీ పేడా?"

గంగులు వంగి వాగు నీళ్లు తాగాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

నీతి: పాడుచేసినవాడే బాగుచేయాలి. అదీ నోటితో కాదు, ఒళ్లు వంచి.