కట్టేసిన పడవ

నూకరాజు పడవ ఎక్కి ఏడాది దాటింది.

కిందటి వరదల్లో గోదావరి మధ్యలో పడవ తిరగబడింది. తను ఈది బయటపడ్డాడు. పక్కనే కూర్చున్న బావ దొరకలేదు.

మొదట పడవ ఎక్కడం మానేశాడు. తర్వాత రేవుకు వెళ్లడం మానేశాడు. ఆఖరికి నీళ్ల చప్పుడు వినబడే దారి కూడా వదిలేసి, పొలాలన్నీ చుట్టి లతీఫ్ బాబా గుడిసెకు వచ్చేవాడు. బాబా ముసలి ఫకీరు. నూకరాజు ఆయన శిష్యుడు.

అవతలి ఒడ్డున చెల్లెలు సూరమ్మ ఉంది. బావ పోయాక పుట్టిన ఆమె బిడ్డను మేనమామ ఇంకా చూడనే లేదు.

"ఈ భయం పోయే ఉపాయమేదైనా చెప్పండి బాబా. అది పోయిన రోజే చెల్లి దగ్గరికి వెళ్తాను" అన్నాడు.

బాబా లేచి అతని చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకెళ్లారు. అక్కడ గుంజకు కట్టేసిన పడవ ఉంది. అందులోకి దిగి కూర్చున్నారు.

"ఇది ఎక్కడికీ పోదు. రా."

నూకరాజు ఎక్కాడు. పడవ కాస్త ఊగగానే ఒడ్డుకు దూకేశాడు. మర్నాడూ అంతే. బాబా వెళ్లనిచ్చారు.

ఆ తర్వాతి రోజు లేవబోతుంటే మాత్రం మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా కాదు.

"గుండె అదిరిపోతోంది బాబా!"

"అదరనీ. రోజూ అది జోరుమీద ఉండగానే దిగిపోతున్నావు. ఇవాళ దాన్ని అలసిపోనీ. అప్పుడు దిగు."

నూకరాజుకు చెమటలు పట్టాయి. బావా అని పిలుస్తూ ఏడ్చాడు. బాబా చెయ్యి వదల్లేదు, ఓదార్చనూ లేదు. ఎండ ఎక్కింది. ఏడుపు ఆగింది. చాలాసేపటికి అతనే అన్నాడు.

"ఆకలేస్తోంది బాబా."

బాబా నవ్వారు. "ఇక దిగు."

రోజూ అలాగే కూర్చున్నారు. ఒక ఉదయం నూకరాజే తాడు విప్పి, పడవవాణ్ణి కేకేశాడు.

అవతలి ఒడ్డున సూరమ్మ పరుగున వచ్చింది.

"ఇన్నాళ్లకు వచ్చావా అన్నియ్యా!" అంటూ బిడ్డను అతని చేతుల్లో పెట్టింది.

సాయంత్రం బాబా, అతనూ తిరిగి బయల్దేరారు. ఒడ్డు వదలగానే పడవ ఊగింది. నూకరాజు అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"పోలేదు బాబా. భయం ఇంకా ఉంది" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఉండనీరా. ఇప్పుడు ఆ ఒడ్డు కూడా ఉంది కదా."

నూకరాజు వెనక్కి తిరిగి చూశాడు. సూరమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని ఊపుతోంది. అతను పడవ అంచు వదిలి, చెయ్యెత్తాడు.