చెంగిని లారీ ఎక్కించిన దేముడమ్మ

ఇటు తిరుగు అమ్మలూ. కాళ్ళు ఆడించకు, చెబుతున్నాగా.

అనగనగా, సముద్రం ఒడ్డునే ఒక చిన్న అడవి ఉండేదట. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, మూడో పక్క మొగలిపాలెం అనే పల్లె. ఆ అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు. దానికి కాపలా దేముడమ్మ. ఖాకీ చీర, చేతిలో కర్ర. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం కూడా నడుస్తూనే తినేది.

ఒకనాడు ఆమెకు తల్లి లేని జింకపిల్ల దొరికింది, ఎడమ చెవి చీలి ఉంది. సీసాతో పాలు పట్టి పెంచింది. చెంగుచెంగున దూకుతుందని చెంగి అని పేరు పెట్టింది. కాస్త పెద్దయ్యాక అడవిలో వదిలేసింది. అయినా "చెంగీ, దా దా దా!" అంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. దాని వెనకే మందంతా వచ్చేది.

ఆ అడవిలో పులి లేదు, చిరుత లేదు. అందుకని జింకలు ఏటేటా పెరిగాయి. వంద ఉన్నవి మూడు వందలయ్యాయి. అప్పుడు వాటికి మేత చాల్లేదు. ముందు నేరేడు మొక్కలు తిన్నాయి. ఆ తర్వాత మొగలి పిలకలు తిన్నాయి. ఆ తర్వాత, ఇసుక మీద పాకుతుందే, మేక డెక్కలాంటి ఆకులూ ఊదారంగు పూలూ ఉండే తీగ, అదీ తినేశాయి.

ఆ తీగేనమ్మా ఇసుకను పట్టుకుని ఉంచేది. అది పోయాక ఇసుక ఊరుకుంటుందా? లేచింది. గాలి వీచినప్పుడల్లా పల్లె మీదికి జరిగింది. ఊటబావిలో పడింది. అన్నంలో పడింది. ఉయ్యాల్లో పసిపిల్లల కళ్ళలో పడింది. జింకలకూ కుదురు లేదు. డొక్కలు ఎండిపోయి అటూ ఇటూ తిరిగేవి.

పల్లెపెద్ద కొర్లయ్య దేముడమ్మ దగ్గరికొచ్చి, "ఏటే దేముడమ్మా, బావి పూడిపోతంది. మేం పడవలెక్కి ఎటన్నా పోవాలేటి?" అన్నాడు.

అప్పుడు దేముడమ్మ మొక్కల చుట్టూ ముళ్ళకంప వేసింది. ఆకలి ముందు కంపెంత? మూడోరోజుకల్లా తోసుకుని లోపలికొచ్చేశాయి.

ఆ తర్వాత పల్లెవాళ్ళు జాలిపడి బళ్ళ మీద పచ్చగడ్డి తెచ్చి వేశారు. జింకలు కడుపునిండా తిన్నాయి. మరుసటి ఏడు ఇంకో యాభై పిల్లలు పుట్టాయి!

అప్పుడు రేంజరు విశాలాక్షి గారు జీపులో వచ్చారు. ఆ అడవికి పెద్ద అధికారి ఆవిడే. అంతా తిరిగి చూసి, "సగం జింకల్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళాలి దేముడమ్మా. కొండల్లో పెద్ద అడవి ఉంది. అక్కడ వదులుదాం" అన్నారు.

"అక్కడ సిరుత ఉంది కదమ్మా?"

"ఉంది. గడ్డీ ఉంది, వాగూ ఉంది. పరుగెత్తడానికి చోటూ ఉంది."

"మరి వాటినెలా పడతారు?"

"మనుషుల్ని చూస్తే బెదిరిపోతాయి. నీ గొంతు వింటే చెంగి వస్తుంది. చెంగి వస్తే మంద వస్తుంది."

దేముడమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నా సేత్తో పాలు పట్టినాను. నా నోటితోనే పిలిసి దాన్ని సిరుత నోటికి పంపమంటారా?"

రేంజరు గారు "నిన్ను బలవంతపెట్టను" అని వెళ్ళిపోయారు.

దేముడమ్మ మూడురోజులు తిరిగింది. ఒడ్డంట తిరిగింది, ఏటంట తిరిగింది. మూడోనాడు ఎండిన గుంట పక్కన ఒక జింకపిల్ల పడి ఉంది. ఊపిరి లేదు. తల్లి దాన్ని నాకుతూనే ఉంది, లెమ్మని ముట్టెతో పొడుస్తూనే ఉంది. దేముడమ్మ అక్కడే కూలబడిపోయింది. తర్వాత లేచి, పల్లెకు పోయి, "రేంజరమ్మకు ఫోన్ సెయ్యండి" అంది.

అప్పుడు అడవిలో రెండు గుడ్డ గోడలు కట్టారు. మొదట్లో వెడల్పు, పోనుపోను ఇరుకు, చివర లారీ తలుపు. అందరూ దాక్కున్నారు. తెల్లారగానే దేముడమ్మ లారీ పక్కన నిలబడి "చెంగీ, దా దా దా!" అంది. చెంగి వచ్చింది. దాని వెనక మంద వచ్చింది. దభాలున తలుపు పడింది.

చెక్కల సందులోంచి చెంగి ఆమెనే చూసింది. దేముడమ్మ తల తిప్పుకోలేదు. చూస్తూనే నిలబడింది, లారీ కదిలేదాకా.

అలా మూడుసార్లు లారీలు వెళ్ళాయి. ఆ తర్వాత వానలు పడ్డాయి. పల్లె ఆడవాళ్ళు తీగ ముక్కలు తెచ్చి ఇసుకలో నాటారు. ఈసారి తినేసే నోళ్ళు తక్కువ కదా, తీగ పాకింది. ఇసుక ఆగింది. కొర్లయ్య బావి తవ్వించి తియ్యనీళ్ళు తోడాడు. మిగిలిన జింకలు నున్నగా అయ్యాయి.

కానీ దేముడమ్మకు మాత్రం నిలకడ లేదు. చిరుతను తలుచుకుంటే ముద్ద దిగదు. ఏడాదికి ఇంక ఉండబట్టలేక, బస్సెక్కి ఆ కొండల అడవికి పోయింది. అక్కడి కాపలావాళ్ళు ఆమెను వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. బురదలో చిరుత అడుగులు.

అప్పుడు అవతలి గట్టు మీద జింకల మంద కనపడింది. ముందు ఒక ఆడజింక, పక్కన పిల్ల. చీలిన ఎడమ చెవి. చెంగే!

దేముడమ్మ నోరు తెరిచింది. పిలవబోయింది. అంతలో చెంగి ఆమెను చూసింది. మెడ ఎత్తింది. కాలు నేలకేసి కొట్టి గట్టిగా అరిచింది, అపాయం అపాయం అని. అంతే! పిల్లతో సహా మందంతా ఒక్క దూకులో పొదల్లో మాయం.

"నన్ను సూసే బెదిరిపోయింది" అంది దేముడమ్మ. ఏడ్చింది, నవ్వింది. "మడిసిని సూసే అలా ఉరికిందంటే, సిరుతను సూస్తే ఇంకెలా ఉరుకుతాదో!"

చిరుత పట్టుకుందా అని అడక్కు అమ్మలూ, నాకూ తెలీదు. ఆరోజు మాత్రం పట్టుకోలేదు. దేముడమ్మ వాగు పక్కన రాయి మీద కూర్చుని, తెచ్చుకున్న అన్నం మొత్తం, లేవకుండా తింది.

కథ సాగె కంచికి,
కునుకు రావె కంటికి,
జింక పోయె అడవికి,
నువ్వు పోవే నిద్దరికి.