తెర వెనక పూతరేకులు

ఆత్రేయపురంలో మాణిక్యం అనే పడుచు ఉండేది. ఆమె చేసే పూతరేకులు వెన్నెలను పొరలుగా ఒలిచినట్టు ఉండేవి గానీ, వాటిని చేసే తీరు మాత్రం ఎవరి కంటా పడనిచ్చేది కాదు. పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఊళ్ళో చాలామంది చేసేవారు. మాణిక్యం రేకంత పల్చన మాత్రం ఎవరికీ వచ్చేది కాదు. అందుకే ఆ లాగు లాగేటప్పుడు ఆమె వీధికి వీపు పెట్టి కూర్చునేది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే తడిగుడ్డ కొంగు కింద దాచేసేది.

ఒక ఏడు చైనాలోని చెంగ్డూ నగరంలో, ఒక పాత బజారులో, నానాదేశాల మిఠాయిల సంత పెట్టారు. మన రేకు పేరు అక్కడ నిలబెట్టి రమ్మని ఊరి ఆడవాళ్ళంతా కలిసి మాణిక్యాన్ని పంపారు. తోడుగా మేనత్త వెంకాయమ్మ వెళ్ళింది. దారి పొడుగునా మాణిక్యం కుండను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, తన కొట్టు ముందు జనం బారులు తీరినట్టు కలలు కంటూ కూర్చుంది.

బజారు చూడగానే ఆమెకు కాళ్ళు కదల్లేదు. బూడిదరంగు ఇటుకల గోడలు, అంచులు పైకి లేచిన పెంకుల కప్పులు, చూరు చూరుకీ వేలాడే ఎర్రటి దీపాలు. పొద్దు గూకగానే అవన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆకాశం కూడా సిగ్గుపడి ఎర్రబడినట్టయింది. ఒకడు బారెడు ముక్కున్న కెటిలును వీపు మీదుగా వంచి, చుక్క ఒలకకుండా టీ పోస్తున్నాడు. ఒకామె పిండిముద్దను లాగి లాగి దారాలు చేస్తోంది. మిరపకాయల ఘాటుకు వెంకాయమ్మ తుమ్ముతూనే ఉంది. ఆ వీధిలో ఏ తినుబండారమైనా కొనేవాళ్ళ కళ్ళముందే తయారవుతుంది. జనం ముందు పని చూస్తారు, తరవాతే నోట్లో పెట్టుకుంటారు. అది అక్కడి ఆనవాయితీ.

పక్క కొట్టు గువో తాతది. ఆయన పంచదార పాకాన్ని గరిటెతో తీసి, చల్లటి పాలరాతి పలక మీద దారంలా పోస్తూ బొమ్మలు గీసేవాడు. ముందొక చక్రం ఉండేది. పిల్లలు ముల్లు తిప్పితే అది ఏ బొమ్మ దగ్గర ఆగితే ఆ బొమ్మే ఇచ్చేవాడు. అందరికీ డ్రాగనే కావాలి. దొరికేది చాలాసార్లు కోడిపుంజు.

మాణిక్యం మాత్రం వచ్చీ రాగానే పాతచీర ఒకటి తెరగా కట్టి, దాని వెనక కుండ పెట్టుకుంది. రేకులకు నెయ్యి రాసి, పంచదార చల్లి చుట్టి, ఆ చుట్టలు తెచ్చి ముందు పేర్చింది. కొనడానికి వచ్చినవాళ్ళకు అవి తెల్లటి కాగితం పొట్లాల్లా కనిపించాయి. ఒకామె చుట్ట తీసుకుని ఒక రేకు ఒలిచి పారేసింది, ఇంకొకటి ఒలిచింది, అలా ఒలుస్తూనే పోయింది. చివరికి చేతిలో కాస్త పంచదార పొడి మిగిలింది. ఆమె కాగితాల మధ్య మిఠాయి పెట్టడం మరిచారేమోనని మర్యాదగా అడిగి వెళ్ళిపోయింది. గువో తాత కూడా ఒకటి కొని, ఓపిగ్గా ఆఖరి పొర దాకా విప్పి, ఖాళీ చెయ్యి అందరికీ చూపించాడు. వీధి వీధంతా నవ్వింది.

అక్కడే డాక్టరీ చదువుతున్న కాకినాడ పిల్ల హిమజ వాళ్ళకు మాటసాయంగా ఉండేది. అది కాగితం కాదు, తినాలి అని గొంతు పోయేలా చెప్పింది. ఎవరూ నమ్మలేదు. రెండో సాయంత్రానికి కూడా జనం చేరని కొట్లు తీసేసి ఆ చోటు వేరేవాళ్ళకు ఇస్తామని సంత పెద్దలు ముందే చెప్పారు. ఇక మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే.

మర్నాడు కూడా మాణిక్యం తెర తియ్యలేదు. వెంకాయమ్మకు ఒళ్ళు మండింది.

"ఆ తెర నీకు అనుమానం మొగుడిలా దొరికిందే. ఒక్కరినీ నీ దగ్గరికి రానివ్వదు," అంది.

"చూస్తే నేర్చేసుకుంటారత్తా. ఇక మన దగ్గర ఏం మిగులుతుంది?" అంది మాణిక్యం.

"ఇప్పుడేం మిగిలిందో చూడు. పాడవుతున్న చుట్టలూ, నేనూను."

గువో తాత ఈ గొడవంతా విని, ఏమిటని హిమజను అడిగాడు. తెలుసుకుని చాలాసేపు నవ్వాడు. తరవాత తన గరిటె తెచ్చి మాణిక్యం చేతికిచ్చి, కోడిపుంజును గీయమన్నాడు. పొద్దుటినుంచి ఆయన గీయడం చూస్తూనే ఉంది కదా, అదేం కష్టమని మాణిక్యం పాకం పోసింది. పలక మీద తోక తెగిన బల్లిలాంటిదేదో పడింది.

"నా పని ఈ వీధంతా చూసింది, తల్లీ," అన్నాడు తాత. "చూసి చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా చెయ్యి మాత్రం నా దగ్గరే ఉంది."

ఆ మాటను హిమజ తెలుగులో చెప్పగానే మాణిక్యం గుండెలో ఏదో ముడి విడినట్టయింది. అప్పటికే పొద్దు గూకి దీపాలు వెలిగాయి, సంత పెద్దలు అవతలి కొట్టు దాకా వచ్చేశారు. ఆమె లేచి తెర లాగేసింది. కుండను వీధి వైపు తిప్పింది. గుడ్డ ముంచి, కుండ మీద లాగింది.

మంచులాంటి పొర ఒకటి చప్పుడు లేకుండా కుండ మీంచి లేచింది. ఆమె దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుంటే, రేకులోంచి ఎర్రటి దీపం చందమామలా కనిపించింది. పోయేవాళ్ళు ఆగిపోయారు. నెయ్యి రాసి, పంచదార చల్లి, చుట్టి, నిన్న ఒలిచి పారేసినామె చేతిలోనే పెట్టింది. ఈసారి ఆమె ఒలవలేదు. కొరికింది. కళ్ళు మూసుకుంది. ఇంకొకటి కావాలని వేలు చూపించింది.

ఇక జనం విరగబడ్డారు. మేమూ చేస్తామంటూ ముందుకొచ్చినవాళ్ళకు మాణిక్యం గుడ్డ ఇచ్చింది, చెయ్యి పట్టి నేర్పింది. ఒకరికి రేకు చిరిగింది, ఒకరికి కుండకే అంటుకుపోయింది. గువో తాత వేడి కుండ తగిలి వేళ్ళు చురుక్కుమని చెవి పట్టుకుంటే వీధంతా మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో మాణిక్యం కూడా ఉంది. రేకు రానివాళ్ళంతా ఆమె చేసిన రేకు కోసం వరసలో నిలబడ్డారు. ఆ వరస చూసిన సంత పెద్దలు చోటు తియ్యడం మాట మరిచి తామూ చివర నిలుచున్నారు.

గువో తాత తన చక్రం ముల్లును వేలితో జరిపి డ్రాగన్ మీద ఆపాడు. బంగారంలా మెరిసే డ్రాగన్ గీసి మాణిక్యానికి ఇచ్చాడు. ఆమె దాన్ని రేకులో చుట్టి, సగం విరిచి ఆయనకే పెట్టింది. కరకరమంటూ డ్రాగన్, కరిగిపోతూ రేకు. సంత ముగిసేదాకా ఆ కొత్త మిఠాయి కోసం రెండు కొట్ల ముందూ ఒకటే బారు.

ఆత్రేయపురం తిరిగొచ్చాక మాణిక్యం కుండను వీధి వైపు తిప్పి పెట్టుకుంది. తెర కట్టిన ఆ పాతచీరను వెంకాయమ్మ మసిగుడ్డలకు చింపేసింది.

పనితనం దాచుకుంటే ఎవరికీ తెలియకుండా పోతుంది. నలుగురి ముందు పెడితే దానికి పేరూ వస్తుంది, తోడూ దొరుకుతుంది.