వెతికే మీట ఏది?

నల్లగుట్ట అడవిలో ఎలుగుబంటి వైద్యుడు ముసలితనంలో తనకు తెలిసిన మందులన్నీ చెప్పుకుపోతుంటే, ఏదుపంది కంప్యూటర్లో ఒకే ఫైలుగా టైపు చేసింది. పాడుబడిన గెస్ట్‌హౌస్‌లో మనుషులు వదిలేసిన కంప్యూటరది. వైద్యుడు పోయాక, ఎవరికి జబ్బు చేసినా అక్కడికొచ్చి ఆ ఫైల్లో మందు వెతుక్కోవాలి. దాని పొడుగు చూస్తే ఏనుక్కే నీరసం వచ్చేది. అందుకని కోతి, ఫైలు తెరిచి అందులో మాటలు వెతికిపెట్టే కొత్త ఎడిటర్ ప్రోగ్రాము ఒకటి తయారుచేసింది. అన్నీ కుదిరాయి గానీ, వెతకడానికి ఏ మీట నొక్కాలన్న దగ్గర పేచీ మొదలైంది.

"కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కాలి. లోకమంతా అంతే," అంది కోతి.

"మీ లోకం మొన్న పుట్టింది. మా కాలంలో ఏటవాలు గీతుండే స్లాష్ ఒక్కటి నొక్కితే సరిపోయేది," అంది తాబేలు.

"నిజంగానే స్లాష్ రాయాల్సొస్తే ఏం చేస్తావు తాతా?"

"ముందు ఇంకో మీట నొక్కాలి. అలవాటైతే అదే వస్తుంది."

"అలవాటయ్యేలోపు రోగి పోతాడు!"

ఈ గొడవ వానాకాలమంతా నడిచింది. వినీ వినీ ఏదుపందికి తల దిమ్మెక్కింది. "ఏదో ఒకటి తేల్చండయ్యా. నాకిక ఓపిక లేదు."

అప్పుడు నక్క మెల్లగా లేచింది. "ఏ ఒక్కరి మాట నెగ్గినా రెండోవారికి కష్టం. రెండూ వద్దు. ఎవరివీ కాని మీటలు నేను పెడతాను."

"పెట్టుకో నాయనా," అన్నారు అందరూ ఒక్కసారే. ఆ మీటలేవో అడిగే శక్తి కూడా ఎవరికీ మిగల్లేదు.

అప్పట్నుంచి ఎవరొచ్చినా నక్క తోకతో మీటలు కప్పేసి, రెండు ముందుకాళ్ళతో ఏవో నొక్కేది. ఊరికే కాదు, తిండి తెస్తేనే. ఓసారి కుందేలు జ్వరంతో ఉన్న పిల్లనెత్తుకుని పరుగున వచ్చింది.

"బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది బావా!"

"దుంపలు తింటున్నాను కదమ్మా, చేతులు ఖాళీ లేవు," అంది నక్క. తిన్నాకే నొక్కింది. పిల్ల బతికింది గానీ ఒక చెవి వినపడకుండా పోయింది.

ఎండాకాలంలో నక్క ముందుకాలు ఇనుప ఉచ్చులో పడింది. ఎలాగో లాక్కుని, కుంటుకుంటూ గెస్ట్‌హౌస్‌కొచ్చింది. కాలు వాచిపోయింది. ఒంటి కాలితో ఆ మీటలు అందలేదు. మూతితో నొక్కితే ఫైలు నిండా పిచ్చి అక్షరాలు పడ్డాయి.

"ఏ మీటలో చెప్పు, నేను నొక్కుతా," అంది ఏదుపంది.

నక్క నోరు విప్పలేదు. చెబితే రేపట్నుంచి తిండి రాదు.

"సరే, మొదట్నుంచి చదువుతా," అని ఏదుపంది మొదలుపెట్టింది. "దగ్గుకు... అజీర్తికి... అరికాలి పగుళ్ళకు..." ఆ గొంతులో కోపం లేదు, కసి లేదు. అలసట మాత్రమే ఉంది. వింటున్న జంతువులకు కునుకు పట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. నక్క కాలు సలుపు గుండెదాకా పాకింది.

"ఇంకా చాలా ఉంది బావా. కాసేపు నడుం వాల్చి వస్తాను."

"వద్దు వదినా!" నక్క ఏడ్చేసింది. "కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని, పై వరసలో చివరున్న ఎఫ్ పన్నెండు!"

ఆ అరుపుకు అందరూ లేచారు. అందరూ విన్నారు. మందు దొరికింది. కుందేలు ఆ మందాకు తెచ్చి నక్క ముందు పడేసి వెళ్ళిపోయింది.

కట్టు కట్టడం అయ్యాక కోతి అడిగింది. "కంట్రోల్ ఎఫ్ పెట్టెయ్యనా తాతా?"

"పెట్టు. నా వరకు స్లాష్‌కి మార్చుకునే వీలుంటే చాలు."

"అది మొదట్నుంచీ ఉంది. ఎవరికి కావలసింది వాళ్ళు మార్చుకోవచ్చు."

తాబేలు కోతివైపు తిరిగింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మొదట నెగ్గాలనుకున్నాను తాతా. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది," అంది కోతి తలొంచుకుని.

నక్క కుంటుకుంటూ తన తిండి తను వెతుక్కోవడానికి అడవిలోకి పోయింది.

నీతి: చిన్న సంగతిని అందరూ అలసిపోయేదాకా సాగదీస్తే, చివరికి తీర్పు మోసగాడి చేతికి పోతుంది.