తోక లేని గాడిద

పూర్వం వెండిమెట్ట అని ఓ రాజ్యం ఉండేదట. దాన్నేలే ప్రచండసేన మహారాజుది మంచి మనసే గానీ, ఆ మంచితనానికి డప్పు మరీ ఎక్కువ. దిక్కులేక తిరిగే కుక్కలకీ, ముసలి ఎడ్లకీ, గాడిదలకీ ఊరి చివర పెద్ద శరణాలయం కట్టించి, గుమ్మం మీద తన పేరు మనిషెత్తు అక్షరాలతో చెక్కించాడు. ఆ తర్వాత ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు.

చూడ్డమెందుకు? శరణాలయం అధికారి భుజంగరాయుడు ప్రతి శుక్రవారం సభలో చిట్టా చదివేవాడు. ఏ జీవం ఏం తింది, ఎంత ఆనందంగా ఉంది, అన్నీ అందులో ఉండేవి. రాజుగారు కళ్లు మూసుకుని విని కింద ముద్ర వేసేవాడు. సభ చప్పట్లు కొట్టేది.

ఓ గురువారం పొద్దున బట్టలుతికే పోలమ్మ వచ్చి, రాజుకు సలహాలు కూడా చెప్పే ఆస్థాన విదూషకుడు బుచ్చన్న ఇంటి ముందు కూలబడింది.

"సామీ, నా చుక్కని పట్టుకుపోయారు. రేవు కాడ మేస్తుంటే, దిక్కులేని గాడిదని చెప్పి తాడేసి లాక్కెళ్లారు. నన్ను లోపలికి పోనివ్వరు. మనుషుల్ని చూస్తే జీవాల సుఖం చెడుద్దంట!"

"అంత సుఖంగా ఉంటే మనం కూడా పోయి చేరదాం పదవే పోలమ్మా."

"నవ్వకు సామీ. రోజూ గోడ బయట కూకుని ఇంటన్నా. మొదటి రోజు దాని అరుపు ఊరంతా ఇనబడింది. నిన్న పిల్లి మూలిగినట్టుంది. ఇయ్యాల అదీ లేదు. నా బిడ్డ చచ్చిపోద్ది సామీ."

బుచ్చన్న నోట్లో వేళాకోళం ఆరిపోయింది. నేరుగా రాజు దగ్గరికెళ్లి, ఒక్కసారి శరణాలయం చూసి రమ్మని బతిమాలాడు.

"రాజముద్ర పడ్డ చిట్టా అబద్ధమాడుతుందా?" రాజు మీసం దువ్వాడు. "ఈ రాజ్యంలో నా ముద్ర పడిందే నిజం. మళ్లీ ఈ మాటెత్తావో, సభలో నీకు చోటు లేదు."

బుచ్చన్న దండం పెట్టి బయటికొచ్చి శరణాలయం దారి పట్టాడు.

రోజుకు ఇరవై జీవాల్ని పట్టి తేవాలని అక్కడి భటులకు ఆజ్ఞ. ఆ రోజు పంతొమ్మిదే దొరికాయి. బుచ్చన్న తలపాగా విప్పి, గోనెపట్టా కప్పుకుని, చేతులూ కాళ్లూ నేలకానించి వాళ్లెదుట నిలబడ్డాడు. ఇరవయ్యోది దానంతటదే నడిచొచ్చిందని భటులు సంబరపడి మెడకు తాడేశారు.

గుమ్మంలో చిట్టా రాస్తూ కూర్చున్న రాయసగాడు తలెత్తకుండా అడిగాడు.

"జాతి?"

"గాడిద," అన్నాడు బుచ్చన్నే.

"రంగు?"

"చామనఛాయ."

"వయసు?"

"నలభై రెండు."

"తోక?"

"ప్రస్తుతానికి లేదు."

రాయసగాడు శ్రద్ధగా అన్నీ రాసుకుని, లోపలికి తోలమన్నాడు. గాడిద మాట్లాడిందేమిటని వాడికి తోచనే లేదు. చిట్టాలో ఆ ప్రశ్నకు గడి లేదు మరి.

లోపల తొట్లలో సాలీళ్లు గూళ్లు కట్టుకున్నాయి. కుక్కలకు మొరిగే ఓపిక లేదు. ఎడ్ల డొక్కలు ఎండిపోయాయి. చుక్క ఓ మూల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుచ్చన్న గోనెపట్టా విసిరేసి, రాయసగాడి నీళ్లకుండ ఎత్తుకొచ్చి దాని నోటికి అందించాడు. అది మెల్లగా రెండు గుక్కలు తాగి అతని చేతిని నాకింది. బుచ్చన్నకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

వెనక గోడకు పెద్ద కన్నం ఉంది. జీవాల కోసం వచ్చిన గడ్డి మోపులన్నీ అందులోంచే భుజంగరాయుడి గుర్రాలసాలకు తరలిపోతున్నాయి. ఓ మోపు వెనకాలే బుచ్చన్న కూడా పాకి బయటపడ్డాడు. ఒక గాడిద తగ్గిందని అక్కడెవరికీ పట్టలేదు.

మర్నాడు సభలో భుజంగరాయుడు గొంతు సవరించుకుని చిట్టా అందుకున్నాడు. చివరికొచ్చేసరికి ఇలా చదివాడు: "గాడిద. చామనఛాయ. వయసు నలభై రెండు. తోక లేదు. ఈ ఉదయం రెండు మోపుల పచ్చగడ్డి తిని, కుడితి తాగి, మహారాజుగారిని తలుచుకుని ఆనందంతో ఓండ్రపెట్టింది."

రాజు మురిసిపోయి ముద్ర వేశాడు. ఆ వెంటనే సభలో పెద్దగా ఓండ్ర వినిపించింది. చూస్తే బుచ్చన్న నడిమధ్యన నాలుగు కాళ్ల మీద ఉన్నాడు.

"ఏమిటీ కోతి వేషాలు?" రాజు గద్దించాడు.

"కోతిని కాదు ప్రభూ, గాడిదను. తమ ముద్ర ఇప్పుడే పడింది. నిన్న నన్నే పట్టుకెళ్లి రాసుకున్నారు."

"నువ్వు మనిషివని లోకానికంతా తెలుసు!"

"అయితే చిట్టా అబద్ధమా?"

రాజు తానిప్పుడే వేసిన ముద్రకేసి చూసుకున్నాడు. "చిట్టా... నిజమే!"

"అలాగైతే పొరుగు రాజుకు తమరు పోయిన నెల పంపిన సంధి పత్రం గాడిద చెప్పి రాయించిందే. ఏడేళ్లుగా తమరు సలహా అడుగుతున్నదీ గాడిదనే. ఆ సంగతి వాళ్లకు కబురు పెట్టమంటారా?"

సేనాపతి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. భుజంగరాయుడు మెల్లగా వెనక్కి జరిగాడు.

"ఇంతకీ నువ్వెలా బయటికొచ్చావు?" రాజు గొంతు తగ్గింది.

"గడ్డి పోయే దారిలోనే ప్రభూ. భుజంగరాయలవారి గుర్రాల మీదుగా."

రాజు సింహాసనం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా శరణాలయానికి నడిచాడు. లోపల అడుగుపెట్టి ముక్కు మూసుకున్నాడు, తర్వాత కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి ఆ కళ్లు తడిగా ఉన్నాయి. ముందు తొట్లన్నీ నింపించి, భుజంగరాయుణ్ణి అక్కడే పేడ ఎత్తే పనికి పెట్టాడు. గుమ్మం తలుపులు ఊడదీయించాడు. ఎవరైనా, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చన్నాడు. పోలమ్మ అప్పటికే లోపలికి దూరి, చుక్క తల ఒళ్లో పెట్టుకుని గడ్డి తినిపిస్తోంది.

"బుచ్చన్నా, ఈ శరణాలయానికి ఇకమీదట నువ్వే అధికారివి," అన్నాడు రాజు.

"నాకొద్దు ప్రభూ. ఆ పదవి పోలమ్మకివ్వండి."

"ఆమెకు అక్షరమ్ముక్క రాదు కదయ్యా! చిట్టా ఎలా చూస్తుంది?"

"అందుకే అడుగుతున్నా. చిట్టా చూడ్డం రాదు గనక జీవాల్నే చూస్తుంది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతోనే తన మెడలోని ముత్యాల హారం తీసి బుచ్చన్న మెడలో వేశాడు, ముద్ర వేసే ఉంగరం తీసి పోలమ్మ చేతిలో పెట్టాడు.