గవరయ్య ఇంట్లో కౌజుపిట్టల విందు

ఆ ఏడు చలి అడవిని గట్టిగా పట్టుకుంది. బారెడు పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. గడ్డిమీది నీళ్లు కాళ్లకు తగిలితే జింకలు సైతం ఉలిక్కిపడేవి. అంత చలిలోనూ గవరయ్య అనే నక్కకు ఒళ్లంతా చెమటలే. ఆ మధ్యాహ్నం వాళ్లింటికి తోడేలు దొర భోజనానికి వస్తున్నాడు మరి!

తోడేలు దొరంటే ఆ కొండకు పెద్ద. ఎవరు ఎక్కడ వేటాడాలో ఆయన చెప్పిందే మాట. కిందటి శీతాకాలం వేటగాళ్ల బస పక్కన పొదలో దాక్కుని ఉండగా, నిప్పుల మీద కూరగాయలతో కలిపి మగ్గుతున్న అడవిపిట్టల వాసన ఆయన ముక్కుకు తగిలింది. ఏడాది గడిచినా ఆ వాసన ఆయన్ని వదల్లేదు. చివరికి అందర్నీ పిలిచి చెప్పేశాడు.

"ఆ వంట ఇంట్లో వండి, నన్ను కూర్చోబెట్టి తినిపించండి. తినిపించినవాడిదే వాగొడ్డు!"

వాగొడ్డంటే మాటలా! ఎండ్రకాయలు, కప్పలు, బలిసిన పొలం ఎలుకలు. ఏ కాలంలోనూ ఆకలి తెలియని చోటు.

"నేను తినిపిస్తాను దొరా!" అని అందరికంటే ముందు అరిచినవాడు గవరయ్యే. అప్పటికి అతని చేతిలో పిట్టా లేదు, ఇంట్లో పొయ్యీ లేదు.

కానీ ఆ సాయంత్రమే వేటగాళ్లు మర్చిపోయిన వలలో రెండు కౌజుపిట్టలు చిక్కాయి. మొగుడు సింహాద్రి, పెళ్లాం నూకాలు. గవరయ్య వాళ్లను నోట కరుచుకుని ఇంటికి పరుగెత్తాడు. ఇల్లంటే, కొండ వాలులో రైతులు వదిలేసి పోయిన కావలి పాక. పిట్టల మీద వెదురుబుట్ట బోర్లించి, అది కదలకుండా పైన ఓ పెద్ద గుమ్మడికాయ పెట్టాడు.

తెల్లారగానే బొగ్గులబట్టీ నుంచి నిప్పు తెచ్చి మూడు రాళ్ల పొయ్యి రాజేశాడు. మంట లేవగానే పాకంతా గెంతాడు.

"అచ్చమ్మా! వెలిగిందే! మనింట్లో పొయ్యి వెలిగిందే!"

అతని పెళ్లాం అచ్చమ్మ మూలనుంచి కదల్లేదు. "వెలిగింది సరే, వండటం నీకు వచ్చా? దొర సంగతి తెలుసుగా. పోయిన నెల ఆయన వస్తుంటే దుమ్ములగొండి లేచి నిలబడలేదని చెవి కొరికేశాడు. లేవనందుకే చెవి పోతే, వంట చెడితే ఏం పోతుందో!"

"వంటదేముందే! పుల్లకు గుచ్చి మంటమీద తిప్పేస్తే సరి."

బుట్టలోంచి కిసుక్కున నవ్వు వినపడింది. నవ్వింది నూకాలు.

"చావబోతూ నవ్వేంటే?" అన్నాడు గవరయ్య.

"మేమెలాగూ పోతాం అన్నా. మాతోపాటు నీ పరువూ పోతోందే అని నవ్వొచ్చింది."

"అంటే?"

"మేం ఊరికోళ్లం అనుకున్నావా? రోజంతా పరుగులు తీసే ఒళ్లు మాది. వెతికినా కొవ్వు దొరకదు. వట్టి మంటమీద తిప్పితే చెప్పు అట్టలా బిగుసుకుపోతాం. దొర పన్ను ఊడితే ఏం చెప్తావు?"

గవరయ్య బుట్ట పక్కన చతికిలబడ్డాడు. "మరెలా వండాలి?"

"వేటగాళ్ల బస పక్క తుప్పల్లో పుట్టి పెరిగినదాన్ని. మా మేనత్తను వండుతుంటే కళ్లారా చూశాను. కుండ అడుగున శీతాకాలపు కూరగాయలు పరవాలి. అవి ఊరి, నీరు వదిలి, సగం మగ్గాలి. అప్పుడే పిట్టల్ని పైన పెట్టి మూత వెయ్యాలి. ముందే పెట్టావో, కూర ఉడికేలోపు పిట్ట బొగ్గయిపోతుంది. దొర ముక్కుకు తగిలిన వాసన ఇదే!"

సింహాద్రి ఆమె చెవిలో గుసగుసలాడాడు. "మతి పోయిందా నీకు? మనల్ని వండటం మనమే నేర్పడమేంటే?"

"పొయ్యి ఎక్కడం ఎంత ఆలస్యమైతే అంత మంచిది మావా," అంది నూకాలు. "తుప్పలో పదకొండు మంది పిల్లలున్నారు. నిన్న సాయంత్రంనుంచి మనకోసం చూస్తుంటారు. నువ్వు మాట్లాడకు. కాళ్లు కూడగట్టుకుని సిద్ధంగా ఉండు."

గవరయ్యకు అప్పుడే దొర మెచ్చుకుంటున్నట్టు, వాగొడ్డున తాను కాలు మీద కాలు వేసుకుని పడుకున్నట్టు కనపడసాగింది. "అచ్చమ్మా! పరుగెత్తు! కూరగాయలు!"

అచ్చమ్మ విసుక్కుంటూనే కింది తోటలోకి పరుగెత్తి చిలగడదుంపలు, ముల్లంగి తెచ్చింది. పళ్లతో కొరికి ముక్కలు చేసి, పాకలో రైతులు వదిలేసిన పాత కుండలో వేశారు. కుండ చుయ్‌మంది. తియ్యటి ఆవిరి లేచింది. ఇద్దరూ కుండలోకి తలలు పెట్టి చూశారు.

"ఆహా! వాసన చూశావటే!"

"చూశానయ్యా, తోక తీయి, కాలుతుంది!"

"క్యారెట్లు వేశారా వదినా?" అని బుట్టలోంచి కేక. "క్యారెట్టు లేకపోతే దొరకు రంగు కనపడదు."

అచ్చమ్మ మళ్లీ పరుగెత్తింది. క్యారెట్లు వచ్చాయి. తర్వాత పచ్చిబఠాణీ వచ్చింది. తర్వాత అల్లం ముక్క, నాలుగు పండుమిరపకాయలు, పశువులు నాకే రాయినుంచి గీకిన ఉప్పు. ఒక్కొక్కటీ పడినకొద్దీ వాసన మారింది. పాక చూరుమీది ఉడుతలు కిందికి వంగి చూశాయి. గవరయ్య మంట ఊదుతూ, కుండ కదుపుతూ, నిలబడ్డచోట నిలవలేక తిరుగుతున్నాడు. కళ్లలోంచి పొగకు నీళ్లు కారుతున్నాయి, నోట్లోంచి లాలాజలం కారుతోంది.

"ఇంక పిట్టల్ని తీస్తున్నా!" అన్నాడు.

"కుండలో నీరుందా అన్నా?"

చూశాడు. అడుగున ముక్కలు అంటుకుంటున్నాయి. "లేదే! ఇగిరిపోయింది!"

"ఇగరక ఏం చేస్తుంది? నీరు వదిలే కూర ఒక్కటైనా వేశారా? గుమ్మడికాయ వెయ్యాలి. అది కరిగితేనే మా ఒళ్లు మెత్తబడేది."

"గుమ్మడికాయ ఇప్పుడెక్కడ తేను?" అన్నాడు గవరయ్య. వెంటనే అతని కళ్లు బుట్టమీద పడ్డాయి. "అరె! ఇంట్లోనే ఉందిగా!"

బుట్టలో రెండు పిట్టలూ ఊపిరి బిగబట్టాయి. గుమ్మడికాయ దిగిందంటే చాలు, ఒక్క తోపుతో బుట్ట ఎగిరిపోతుంది.

"ఆగు!" అంది అచ్చమ్మ. "అది తీస్తే బుట్టకు బరువేది?"

గవరయ్య పకపకా నవ్వాడు. "నన్నంత వెర్రివాణ్ని అనుకున్నావా?" అంటూ గుమ్మడికాయను ఒక్క తన్ను తన్ని, అది దొర్లేలోపే ఎగిరి బుట్టమీద కూర్చున్నాడు. బుట్ట కిర్రుమంది. "ఇదిగో బరువు! నువ్వు కాయ పగలగొట్టి వెయ్యి. అది కరిగేదాకా నేను ఇక్కడినుంచి లేస్తే ఒట్టు!"

సింహాద్రి కళ్లు మూసుకున్నాడు. "అయిపోయిందే," అన్నాడు మెల్లగా. "గుమ్మడికాయ కంటే నక్కే బరువు."

నూకాలు మాత్రం బుట్ట సందుల్లోంచి బయటకు చూసింది. పాక ముందు గుంజ నీడ పొట్టిగా దాని మొదట్లోకి వచ్చేసింది. మధ్యాహ్నం! పొద్దున్న అచ్చమ్మ అన్న మాట ఆమెకు చప్పున తట్టింది. లేచి నిలబడని దుమ్ములగొండి. కొరికేసిన చెవి.

"అన్నా!" అంది గట్టిగా. "బాగా గుర్తుపెట్టుకో. గుమ్మడి ముక్కలు వెన్నలా కరగాలి. ఆత్రపడి ముందే లేచావో, పడిన కష్టమంతా బూడిదే."

"లేవనమ్మా! ఎందుకు లేస్తాను!"

గుమ్మడి ముక్కలు కుండలో పడ్డాయి. కుండ అంచుదాకా బుడగలు తన్నుకొచ్చాయి. అచ్చమ్మ గరిటె లేక కర్రతో కలియబెడుతోంది. గవరయ్య బుట్టమీద కూర్చునే ఆమెకు పనులు పురమాయిస్తున్నాడు. "అటు తిప్పు! మంట తగ్గించు! మెత్తబడిందా?"

"బడుతోందయ్యా!"

"ఇప్పుడో?"

"ఇంకొంచెం! ఇంకొంచెం!"

సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. మోకాలెత్తు బురదతో, నురగలు కక్కే నాలుకతో తోడేలు దొర నిలబడి ఉన్నాడు. కొండమీద ఉండగానే వాసన తగిలి, దారి వదిలి ముళ్లలోంచి దూసుకొచ్చేశాడు.

"ఓహో!" అన్నాడు కళ్లు మూసుకుని. "అదే వాసన! అదే! గవరయ్యా, సాధించావురా!"

అచ్చమ్మ కర్ర పడేసి వంగి దండం పెట్టింది. గవరయ్య కూర్చునే వంగాడు.

"దయచెయ్యండి దొరా, దయచెయ్యండి!"

దొర కళ్లు తెరిచాడు. చూశాడు. గొంతు మారింది. "నేను నిలబడి ఉన్నాను. నువ్వు కూర్చున్నావు."

"అది... కాలు బెణికింది దొరా."

"పొద్దున్న గెంతావట. ఉడుతలు చెప్పాయి."

"ఆ గెంతడంలోనే బెణికింది దొరా!"

దొర ఒక అడుగు ముందుకేశాడు. పైపెదవి లేచింది. కోరలు కనపడ్డాయి. "ఇంటికి పిలిచి అవమానిస్తావా?"

"లేవయ్యా!" అని అచ్చమ్మ పళ్లు బిగించి గొణిగింది. "చెవి! చెవి!"

"లేస్తే పోతాయే!"

"లేవకపోతే నువ్వు పోతావు!"

గవరయ్య దొర కోరల వైపు చూశాడు. కింద బుట్ట వైపు చూశాడు. చెవి ఒకసారి దానంతటదే వణికింది. మెల్లగా, ఒక్క వెంట్రుకవాసి లేద్దామనుకున్నాడు.

"ఇప్పుడు మావా!" అంది నూకాలు.

బుట్ట ఎగిరి గవరయ్య మూతికి తగిలింది. బర్ర్‌ర్‌మని రెక్కల చప్పుడు పాకంతా నిండిపోయింది. సింహాద్రి దొర చెవుల మధ్యనుంచి దూసుకుపోయాడు. నూకాలు పొయ్యి మీదుగా ఎగరబోయి, ఆవిరి తగిలి తూలి, రెక్క చివర మాడి, అయినా ఆగకుండా గుమ్మం దాటేసింది. గవరయ్య వాళ్లకోసం ఎగిరి దొర కాళ్లమీద పడ్డాడు. దొర పక్కకి తూలి పొయ్యిరాయి తొక్కాడు. ఆయన పెట్టిన కేకకు వాగవతల కోతులు చెట్లెక్కాయి.

కాసేపటికి పొగ సర్దుకుంది. దొర కాలిన పాదం నాకుకుంటూ కుండలోకి చూశాడు. దుంపలు, క్యారెట్లు, బఠాణీలు, కరిగిపోయిన గుమ్మడి.

"పిట్టలేవి?"

"దొరా, వాసన అయితే అదే కదా..." అన్నాడు గవరయ్య.

దొర కొరకలేదు, అరవలేదు. అదే గవరయ్యను ఎక్కువ భయపెట్టింది. "ఏడాదిపాటు వాసనతోనే బతికాను," అన్నాడు దొర మెల్లగా. "ఈ రోజు కూడా వాసనే పెట్టావు. వాగొడ్డు సంగతి అటుంచు. రేపటినుంచి వాగు ఇవతల నీ అడుగు కనపడకూడదు."

కుంటుకుంటూ వెళ్లిపోయాడు. గవరయ్య గుమ్మంలో కూలబడ్డాడు. అచ్చమ్మ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, ఒక చిలగడదుంప ఊదుకుని తింది. ఇంకోటి అతని ముందు పెట్టింది. "తిను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. రేపు చాలా దూరం నడవాలి."

అక్కడ తుప్పలో పదకొండు పిల్లలూ అమ్మానాన్నల మీద ఎక్కి తొక్కుతున్నాయి. నూకాలు మాడిన ఈకను ముక్కుతో దువ్వుకుంటోంది.

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు సింహాద్రి. "దొర రావడం ఆలస్యమైతే ఏం చేసేదానివే?"

"ఇంకో కూర పేరు చెప్పేదాన్ని మావా," అంది నూకాలు. "శీతాకాలం కదా, కూరలకేం కొదవ!"

పెద్దల మెప్పు మీదే కళ్లన్నీ పెట్టినవాడు చేతికందిన కూడు ఎగిరిపోయాకే కిందికి చూస్తాడు.